స్టేటస్‌లో మేనమామ

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా నన్ను అరకు పైనున్న ఒక మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. వెళ్లిన నెలకే ఎంపీటీసీ ఎన్నికలొచ్చాయి. ఎన్నికల ప్రవర్తనా నియమావళిని మేము కోడ్ అంటాం. దాని అమలు నా నెత్తిన పడింది. గోడరాతలు చెరిపించడం, విగ్రహాలకు ముసుగులు వేయించడం చేతికి అలవాటైన పనే. ఫోన్లలో ప్రచారం సంగతే కొత్త.

మూడో రోజునే ఒక ఫిర్యాదు. కొండమీది ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్త చిన్నమ్మి తన వాట్సాప్ స్టేటస్‌లో ఒక అభ్యర్థి ఫొటో పెట్టిందని ఎదుటి పార్టీవాళ్లు స్క్రీన్‌షాట్ జతచేశారు. రుజువైతే ఆమె ఉద్యోగం పోతుంది. ఆ ఇంట్లో నెలనెలా వచ్చే జీతం అదొక్కటే. కాఫీ, రాగులు పండితే పండినట్టు, లేకపోతే లేదు.

స్టేటస్ ఒక్కరోజే ఉంటుంది కాబట్టి అదే రోజు విచారణకు నేనే వెళ్లాను. ఫొటోలో అభ్యర్థి మెడలో పార్టీ కండువా, ఒళ్లో చిన్నమ్మి బిడ్డ.

“ఆయన మా సొంత మేనమావ సార్. పాపకి పేరెట్టిన్రోజు తీసింది. మా మావని మా ఫోన్లో ఎట్టుకుంటే తప్పేటి?” అంది.

స్టేటస్ ఎవరెవరు చూస్తారంటే చుట్టాలేనంది. ఫోన్ చూపించమన్నాను. చుట్టాలతోపాటు పిల్లల తల్లులు, సూపర్‌వైజరు, ఆఖరికి ఫిర్యాదు చేసినవాళ్లు కూడా చూసినవాళ్ల జాబితాలో ఉన్నారు. “సంతలో నిలబడి చూపించినట్టే కదమ్మా! మండలం ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన కోడ్ రూల్స్ నీకు చేరలేదా?” అని గట్టిగానే కసిరాను.

“సేరాయి సార్. గ్రూపులో ఎట్టింది తవరే గదా. మావ బొమ్మ ఎట్టొచ్చో లేదోనని అనుమానమొచ్చి తవరి పేరు పక్కనున్న బొమ్మ నొక్కి సూసినాను. తవరి మనవడికి ముద్ద తినిపిత్తన్న పెద్దాయన మెడలోనూ కండువా ఉంది. ఇంటి బొమ్మలకి పర్లేదు కాబోలనుకున్నాను.”

హవ్వ! ఆ పెద్దాయన మా వియ్యంకుడు. ఫిర్యాదు చేసిన పార్టీలో జిల్లా నాయకుడు. అన్నప్రాశన నాటి ఆ ఫొటోను నేను అన్నాళ్లూ ఇంటి ఫొటో అనే అనుకున్నాను. సిగ్గేసింది.

ఇద్దరం అక్కడికక్కడే ఫొటోలు తీసేశాం. ఆమెకు నవ్వాగలేదు. కాసేపటికి నాకూ ఆగలేదు.

నివేదిక మొదటి పేరాలో నా తప్పు, రెండో పేరాలో ఆమె తప్పు రాశాను. విచారణ వేరే అధికారికి అప్పగించమనీ, ఎవరు చేసినా ఇద్దరికీ ఒకే శిక్ష వేయమనీ కోరాను. సబ్‌కలెక్టరు ఫైలు తనే చూసి ఇద్దరికీ హెచ్చరిక మెమోలిచ్చారు. చిన్నమ్మి ఉద్యోగం నిలిచింది. నా సర్వీసులో అదొక్కటే మెమో. అయినా దాన్ని తీసుకుంటూ సంతకం పెట్టినప్పుడు మనసు హాయిగానే ఉంది.

ఉద్యోగి నంబరు ఊరందరి దగ్గరా ఉన్నంతకాలం ఆ ఫోన్లో ఇంటి ఫొటో అంటూ ఉండదు. ఈ ముక్క నేను పంపిన రూల్స్‌లోనే ఉంది. అయితే ఊరు ముందు చదివింది రూల్స్‌ను కాదు, వాటిని పంపినవాణ్ణి.