సిస్టరమ్మ వేసిన గుటక

రాయపూర్ ఆస్పత్రిలో మా నాన్నని చూసుకున్న గుంటూరు సిస్టరమ్మకి ఒక అలవాటు. రోగి నోట్లో చెంచాడు నీళ్లు పోసి, "గుటకేయండి" అంటూ ముందు తనే గుటకేసేది. హిందీవాళ్లకైతే "నిగలో బాబా" అనేది.

పక్షవాతం వచ్చాక నాన్నకి మంచినీళ్లు కూడా పొలమారేవి. అప్పుడే కొత్తగా వచ్చిన కంప్యూటర్‌తో పరీక్ష చేశారు. గొంతుకి చిన్న మైకు అంటిస్తే, గుటకేసినప్పుడల్లా తెరమీద గీత కొండలా లేస్తుంది. నాన్న బెదిరిపోతుంటే సిస్టరమ్మ ఆ మైకు ముందు తన గొంతుకే పెట్టుకుంది. కొండ లేచింది. నాన్న గొంతుకి పెట్టాక గీత కదల్లేదు. ఇక నోటి ద్వారా చుక్క కూడా ఇవ్వొద్దన్నాడు డాక్టరు. ముక్కులోంచి గొట్టం వేశారు.

ఆదివారం పాస్టరుగారు చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని ప్రభు సంస్కారం ఇవ్వడానికి వార్డుకే వచ్చారు. నాన్న ఆత్రంగా నోరు తెరిచాడు. నాకు ఒళ్లు మండింది. దేవుడిచ్చే చుక్కకి కూడా కంప్యూటర్‌ని అడగాలా?

సిస్టరమ్మ ద్రాక్షరసంలో వేలు తడిపి నాన్న పెదవులకి రాసింది. "గుటకేయండి నాన్నగారూ" అంటూ, అలవాటుగా తనే గుటకేసింది.

ఆమె గొంతునే చూస్తున్న నాన్న, కళ్లు మూసుకుని "ఆమేన్" అన్నాడు.