పద్మలత దిద్దిన పుస్తకం

పెర్కిట్‌లో హైవే పక్కనున్న పద్మలత డీటీపీ సెంటర్‌లో, మీరు ఇచ్చిన కాగితం మీరు ఇచ్చినట్టు అచ్చవ్వదు. ఓసారి ఒక లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీకి ‘ఆర్థిక శుభాకాంక్షలు’ అని రాసి తెచ్చారు. అది ‘హార్దిక’ అయ్యేదాకా పద్మలత మిషన్ ఆన్ చెయ్యనంది. ఆర్థికంలో తప్పేముందని ఆయన మనుషులు గంటసేపు వాదించి ఓడిపోయారు. యాభై రెండేళ్ల పద్మలత ముందు చిల్లర తప్పు అని ఏదీ ఉండదు. పసుపు మార్కెట్‌లో కాంటా దగ్గర పనిచేసే ఆమె భర్త భూపతి ఇరవై ఏళ్లుగా చీటీ రాయడం మానేసి, ఏం కావాలన్నా ఫోనే చేస్తాడు.

నిరుడు వానాకాలంలో ఆలూర్ నుంచి అశ్విని అనే అమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చింది. నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది.

“ఆంటీ, ఇరవై నాలుగు పేజీల పుస్తకం. రెండు వందల కాపీలు కావాలె. దిద్దుడేం లేదు, జర తొందరుంది.”

దిద్దుడేం లేదన్న మాటకు పద్మలత కుర్చీని కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది. మొదటి పేజీ తెరిచింది: ‘అల్మారాలో నుంచి బయటకు వచ్చిన యువత.’

“వీళ్లు అల్మారాల ఎందుకు జొర్రిండ్రు బిడ్డా?”

పద్మలత కిందికి జరిపింది. రెండో పేజీ: ‘మీరు మంచి మిత్రపక్షంగా మారడం ఎలా?’

“మిత్రపక్షమా? ఎలక్షన్ల పొత్తుల పుస్తకమా గిది? ఏ పార్టీ?”

“పార్టీ కాదాంటీ. ఇంగ్లిష్ల ఉన్నదాన్ని నేను, నా దోస్తులు ఫోన్ల పెట్టి తెలుగు చేసినం.”

“ఫోన్ సంగతి తర్వాత. నువ్వు చెప్పు, ఎవరి కోసం గిది?”

అశ్విని నేలచూపులు చూస్తూ చెప్పింది. ఆడపిల్లల్ని ఇష్టపడే ఆడపిల్లలు, మగపిల్లల్ని ఇష్టపడే మగపిల్లలు, అందరూ అబ్బాయంటున్నా లోపల అమ్మాయిననుకునేవాళ్లు. ఇంట్లో చెప్పలేక నలిగిపోయే అలాంటి పిల్లల కోసం, వాళ్ల పక్కన నిలబడేవాళ్ల కోసం. చెప్పడం అయిపోయాక, పెన్‌డ్రైవ్ తీసుకొని వెళ్లిపోవడానికి చెయ్యి చాచింది.

పద్మలత స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. విన్నదంతా ఆమెకు కొత్త. ఏమనుకోవాలో తెలియలేదు. పుస్తకం నిండా తప్పులున్నాయన్నది మాత్రం బాగా తెలిసింది.

“గిసొంటి పిల్లలకు గిసొంటి తెలుగుల చెప్తరా? వాళ్లకున్న కష్టం సాలదా? రేపు మూడింటికి రా.”

మూడు మధ్యాహ్నాలు కూర్చున్నారు. ఇంగ్లిష్‌లో అల్మారాలోంచి బయటికి రావడమంటే దాచుకున్న సంగతి చెప్పుకోవడమని తేలాక, అల్మారా పోయి ‘ఇంట్ల చెప్పుడు’ వచ్చింది. మిత్రపక్షాలు ‘తోడున్నోళ్లు’ అయ్యాయి. మధ్యలో పద్మలత, డాక్టర్‌కు చూపిస్తే తగ్గదా అని కూడా అడిగింది. అశ్విని కోపం తెచ్చుకోకుండా తొమ్మిదో పేజీ చూపించింది. ఇది రోగం కాదు, కాబట్టి మందు లేదు అని ఉంది అక్కడ. పద్మలత రెండుసార్లు చదివింది. కాస్త సిగ్గుపడి, ‘కాదు’ తర్వాత ఒక కామా సరిచేసింది.

చదవాల్సిన పుస్తకాల పట్టిక, హెల్ప్‌లైన్ నంబరు ఇరవై రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వెనక అట్ట మీద మాత్రం, అలవాటు కొద్దీ, సెంటర్ పేరు, పద్మలత సెల్ నంబరు లావుగా పడ్డాయి. ఆ తప్పు ఆమె కంటికే కనబడలేదు.

పుస్తకాలు పంచిన వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

“మేడం, హెల్ప్‌లైనా?”

“కాదు నాయినా, డీటీపీ.” పెట్టెయ్యబోయి, అవతలి గొంతు వణుకుతుంటే ఆగింది. “ఏడికెంచి మాట్లాడుతున్నవ్? అన్నం తిన్నవా?”

అంకాపూర్ అబ్బాయి. నలభై నిమిషాలు మాట్లాడాడు. అంతసేపూ కౌంటర్ ముందు దరఖాస్తులు పట్టుకున్నవాళ్లు గొణుక్కుంటూ నిలబడ్డారు. చివర్లో పద్మలత అసలు నంబరు రాయించి, అంకెలన్నీ మళ్లీ చదివించుకొని గానీ వదల్లేదు.

అలాంటి ఫోన్లు ఇంకో అయిదారు వచ్చాయి. సంగతి తెలిసి అశ్విని పరుగున వచ్చింది. మిగిలిన కాపీల అట్టల మీద అసలు నంబరు అంటించారు. ఆ పని చేస్తూనే అశ్విని పాఠం మొదలుపెట్టింది.

“ఎవరన్న ఫోన్ చేస్తే సలహాలియ్యొద్దాంటీ. వినాలె.”

“వింటనే ఉన్న గదా.”

“వినుకుంటనే మధ్యల దిద్దుతున్నరు.”

టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చిన భూపతి గడపలోనే ఆగిపోయాడు. “ముప్పై ఏండ్ల సంది నేను మొత్తుకుంటున్నది గదే బిడ్డా” అన్నాడు.

చలికాలంలో ఒక పొద్దున రజని అనే ఆవిడ వచ్చింది. ఆలూర్‌లో బీడీలు చుడుతుంది. అశ్విని తల్లి. చేతిలో ఆ పుస్తకమే ఉంది.

“అక్కా, మొన్న తినేటప్పుడు మా అశ్విని చెప్పింది, ఒక పిల్లంటే తనకు ఇష్టమని. నేను లేచి బీడీల చాట ముందటేసుకున్న. మూడు దినాలాయె, దాంతోని మాట్లాడలే. కోపం గాదు. ఏం మాట్లాడాల్నో దొరుకుతలేదు. గిండ్ల ఏడ రాసుందో జర చూపియ్యుండ్రి.”

తల్లిదండ్రుల కోసం పద్నాలుగో పేజీ ఉంది. పద్మలత దాన్ని తీసి ముందు పెట్టింది. చెప్పాలనిపించిన పది మాటలూ మింగి టీ తెప్పించింది. రజని చదివింది, ఏడ్చింది. నలుగురూ ఏమంటారో అంది. రేపు నేను పోయాక దాన్నెవరు చూస్తారంది. చిన్నప్పుడు గాజులు వేసుకోనని ఏడిపించేదని, అప్పుడే తెలుసుకోవాల్సిందని అంది. గాజులకూ దీనికీ సంబంధం లేదనబోయిన పద్మలత టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడు ఇంటికి పొయ్యి ఏమడగాలె అక్కా?”

“నాకు తెల్వది చెల్లె. పిల్ల పక్కన కూసో ముందుగాల.”

రజని కొంగుతో మొహం తుడుచుకొని ఆటో ఎక్కింది.

మర్నాడు అశ్విని ఫోన్ చేసింది. ముందు నవ్వే వినిపించింది.

“అమ్మ అడిగిందాంటీ. గా పిల్ల పేరేంది, ఏ ఊరు, బీడీలు చుట్టుడు వస్తదా అని.”

“ఏమన్నవ్?”

“రాదన్న. మరెట్ల బతుకుతరే ఇద్దరు అని గులిగింది. దుబాయిల ఉన్న నాయినకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దన్నది. నాకు తెల్లన్నం, పప్పు పెట్టి పక్కనే కూసున్నది.”