కోటమ్మకు చదివి వినిపించిన వంతెన

పోయిన నెల జగ్గయ్యపేట నుంచి మా చెల్లెలి ఊరికి ఆటోలో వెళుతుంటే ముందు బురదనీటి వాసన ముక్కుకు తగిలింది, తరువాత వాగు హోరు వినిపించింది. చప్టా మీద మోకాటిలోతు నీళ్ళు పారుతున్నాయి. డ్రైవరు ఫోను మాత్రం తిన్నగా పొమ్మంటోంది. తెరమీద అక్కడ వంతెన గుర్తు ఉంది. కోపం రావలసిన చోట నాకు నవ్వు వచ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట నేను చేసిన తప్పే అది.

1986 జూన్ 9, సోమవారం, నందిగామలో మ్యాపుల ఆఫీసులో చేరాను. ఆరు నెలల ఉద్యోగం. పని నచ్చితే పొడిగిస్తారు, లేకపోతే ఇంటికి. కాగితం మీది మ్యాపులను కంప్యూటరులోకి ఎక్కించాలంటే మనిషి కట్టిన ప్రతిదానికీ ఒక అంకె ఉండాలి. వంతెనకు 31, బావికి 42, సున్నపు బట్టీకి 57. ఏ అంకె దేనికి వర్తిస్తుందో వివరంగా ఒక పుస్తకంలో రాయాలి. రాయడం నా పని, దిద్దడం మా సెక్షన్ పెద్ద వెంకటరత్నం గారి పని. ఆ కంప్యూటరు హైదరాబాదులో ఉండేది. మేమిద్దరమూ దాన్ని చూడలేదు.

వెంకటరత్నం గారి జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. కానీ అసలు దిద్దుబాటు ఆ పెన్సిలుతో జరిగేది కాదు. సాయంత్రం నాలుగింటికి బస్టాండు పక్కన కోటమ్మ టీకొట్టుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. వస్తువు పేరు చెప్పకుండా నేను రాసిన వివరం మాత్రమే చదవాలి. అదేమిటో కోటమ్మ చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ రాయాలి.

"నీళ్ళ కోసం తవ్విన గుంట," అని చదివాను మొదటిరోజు.

"చెరువు," అంది కోటమ్మ, గ్లాసులు కడుగుతూ.

"బావి అండీ!"

"మరి తోడుకుంటారని చెప్పవేం?"

బస్‌స్టేషను గురించి 'ప్రయాణికులు ఎక్కి దిగే చోటు' అని రాస్తే, "నా కొట్టు ముందే గదా," అంది. నిజమే. డ్రైవర్లందరూ అక్కడే ఆపేవారు.

అక్టోబరులో వెంకటరత్నం గారు నాలుగు రోజులు సెలవు పెట్టారు. వంతెనంటే తెలియనిదెవరికి అనుకుని ఆ ఒక్కదానికి కోటమ్మ పరీక్ష తప్పించాను. 64 చోట్ల 31 వేసి, కింద సంతకం పెట్టి, కాగితాలు హైదరాబాదుకు పంపాను. నవంబరులో పుస్తకం సరిచూస్తూ ఆయన, "వంతెన కోటమ్మకి చదివినట్టు గుర్తులేదే," అన్నారు. ఆ సాయంత్రమే చదివాను.

"వాగును దాటడానికి కట్టిన దారి."

"చప్టా," అంది కోటమ్మ.

"చప్టా అయినా వంతెనే కదండీ?"

"వంతెన కింద నీళ్ళు పోతాయి, చప్టా మీద పోతాయి. వానాకాలం నీ వంతెన మీద మా ఆయన బండి తోలితే, ఎడ్లని నువ్వొచ్చి లాగుతావా?"

బల్లల మీదివాళ్ళంతా నవ్వారు. నేను ఆఫీసుకు వెళ్ళి లెక్క చూశాను. 64లో 23 చప్టాలు. వంతెనలు 41 మాత్రమే. నా గడువుకు మూడు వారాలుంది.

"హైదరాబాదులో ఎవరికీ తెలియదమ్మాయ్. ఊరుకోవచ్చు," అన్నారు వెంకటరత్నం గారు.

"మీరైతే ఏం చేస్తారు సార్?"

"నాది పర్మనెంటు ఉద్యోగం. ఆ ప్రశ్నకి నా జవాబు చవక. నువ్వే చెప్పు."

మర్నాడు ఒక పేజీ రాసి ఆయన ముందు పెట్టాను. 'చప్టా, 33: వాగు అడుగున, నీరు మీదుగా పారేలా కట్టిన దారి. నీరు పారుతుంటే దాటరాదు.' కింద 23 చోట్ల పేర్లు. ఆ కింద, 'పరీక్షించకుండా పంపాను. తప్పు నాది' అని సంతకం. ఆయన ఎర్ర పెన్సిలు తీశారు. ఏం కొట్టేస్తారో అనుకున్నాను. 'చూడకుండా పోనిచ్చినందుకు సగం నాది' అని నా సంతకం కిందే తనదీ పెట్టారు. పోస్టు చేసే ముందు కోటమ్మకు చదివాను. సగంలోనే, "చప్టా! ఇన్నాళ్ళకి తెలిసొచ్చిందా?" అంది.

డిసెంబరు 5న జవాబు వచ్చింది. 33 పుస్తకంలో చేరుతుంది. మిగతా మ్యాపులన్నీ ఆ వివరంతో సరిచూడాలి, అదీ, అది రాసిన మనిషే. ఇంకో ఆరు నెలలు.

"చప్టా దాటావమ్మాయ్. బజ్జీలు నీ ఖర్చు," అన్నారు వెంకటరత్నం గారు.

ఆ ఆరు నెలలు ఇరవై ఏడేళ్ళయ్యాయి. ఆయన లేరు, ఆ కొట్టూ లేదు. ఇప్పటికీ ఒక మాట రాస్తే, అది తెలిసిందే కదా అనిపించిన చోటే ఆగి మళ్ళీ చదువుకుంటాను.

"మామ్మగారూ, మ్యాపులో వంతెన ఉందండీ," అన్నాడు ఆటో డ్రైవరు, నీళ్ళకేసి అనుమానంగా చూస్తూ.

"ఎవరో కోటమ్మకి చదివి వినిపించకుండా పంపేశారు బాబూ. వెనక్కి తిప్పు."

"కోటమ్మెవరండీ?"

చుట్టుదారి పదకొండు కిలోమీటర్లు. చెప్పడానికి సరిగ్గా సరిపోయింది.