కాముని పున్నమి నాటి కాన్పు

జాతకాలు, నక్షత్రాలు, పున్నమి గండాలు నేను ఎన్నడు నమ్మలే. ఇప్పుడు కూడ నమ్మను. ఈ మాట ముందుగాల ఎందుకు చెప్తున్ననంటే, ఇది చదివినంక "ఆఖరికి ఆమె కూడ దారికొచ్చింది" అని ఎవరో ఒకరు తప్పకుండ అంటరు. నేను ఏ దారికి రాలే. జరిగింది జరిగినట్టు చెప్తున్న, అంతే.

వనపర్తిల ఒక దవాఖానల కాన్పుల వార్డుల స్టాఫ్ నర్సును. పంతొమ్మిదేండ్ల సర్వీసు. ఈ ముహూర్తాల పిచ్చిని నా అంత దగ్గర నుంచి చూసినోళ్లు తక్కువ. లోపల ఆడమనిషి నొప్పులతోని మంచం ఊచలు పట్టుకొని ఒర్లుతుంటది. బయట వరండాల మొగుడు చెవికి ఫోన్ పెట్టుకొని, "స్వామీ, పదకొండు ఇరవై అయితే నడుస్తదా?" అని అడుగుతుంటడు. ఆ స్వామి ఎన్నడు కాన్పు గది మొఖం చూసినోడు కాదు. కాని కడుపు ఎప్పుడు కోయాల్నో ఆయనే చెప్పాలె.

మా స్టాఫ్ కూడ తక్కువేం తినలే. పున్నమి నాడు కాన్పులు ఎక్కువైతయని, నెత్తురు ఎక్కువ పోతదని, ఆ డ్యూటీ వద్దని మొత్తుకుంటరు. ఒకసారి పని లేని మధ్యాహ్నం పాత రిజిస్టర్లు ముందలేసుకొని, పక్కన క్యాలెండర్లు పెట్టుకొని పున్నమి రోజులన్నీ చూసిన. ఏ తేడా కనపడలే. తోటి సిస్టరుకు చూపిస్తే, "రిజిస్టర్ల సరిగ్గ రాసి ఉండరక్కా" అన్నది. ఆ రోజు నుంచి వీళ్లతోని వాదించుడు బంద్ చేసిన.

ఇప్పుడు మంజుల సంగతి. మంజుల నా తమ్ముడు శీను భార్య. మాది కోడేరు దిక్కు ఊరు. శీను పూనెల సెంట్రింగ్ పని చేస్తడు, ఆమె మా అమ్మ దగ్గరనే ఉంటది. మంజులకు రెండు కాన్పులు అక్కరకు రాలే. మొదటిది ఏడో నెలల పోయింది. రెండోది ఆపరేషన్ చేసి తీసినా ఒక్క దినమే బతికింది. మూడోసారి కడుపు నిలబడినప్పటి నుంచి ఇంట్ల ఎవరు గట్టిగ నవ్వకపోతుండ్రి.

ఆ ఇద్దరు పిల్లలు పున్నమి దగ్గర్నే పోయిండ్రని మా అమ్మ పట్టుకున్నది. మొదటిది పున్నమి అయిన ఆరు దినాలకు పోయింది, నాకు బాగ యాదుంది. అటు ఆరు, ఇటు ఆరు దినాలను కూడ "దగ్గర" అంటే నెలల సగం రోజులు పున్నమి దగ్గరనే ఉంటయి. ఆ ముక్క అమ్మకు చెప్తే నాతోని రెండు దినాలు మాట్లాడలే.

ఎనిమిదో నెలల అమ్మ నాకు చెప్పకుండ గద్వాలకు పోయింది. అక్కడ కోట దిక్కు ఒక సిద్ధాంతి ఉన్నడట. టోకెన్ తీసుకొని పొద్దందాక కూసున్నదట. ఆయన మంజుల జాతకం వేసి, పుబ్బ నక్షత్రం అన్నడు. కాముని పున్నమి నాడు, అంటే హోళీ పున్నమి నాడు, చంద్రుడు ఆ పుబ్బ మీదనే ఉంటడు, ఆ నాడు సాయంత్రం అయిదు నలభై దాక పుబ్బ పోదు, పుబ్బ ఉండంగ కాన్పు అయితే తల్లి బతకదు, దాటినంక అయితే తల్లీబిడ్డ ఇద్దరు బాగుంటరు అని చెప్పిండు. కాయితం మీద రాసి కూడ ఇచ్చిండు.

అప్పటికి మేము కాన్పు తేదీ అనుకోనే లేదు. తర్వాత పది దినాలకు మా డాక్టరు మేడమ్ పరీక్ష చేసి, నొప్పులు వచ్చేదాక ఆగొద్దు, ఆపరేషన్ చేద్దాం అని ఒక తారీఖు చెప్పింది. క్యాలెండరు చూస్తే అది కాముని పున్నమి. మేడమ్ కు వారంల ఆపరేషన్లు చేసే రోజులు రెండే. దాంట్ల ఒకటి ఆ నాడు పడ్డది, అంతకు మించి ఏం లేదు.

అమ్మకు చెప్పేసరికి ఆమె చేతుల ఉన్న గిన్నె కింద పెట్టింది.

"ఆ మర్నాటికి జరపమను బిడ్డా. లేకుంటే సాయంత్రం చేయమను. నీ మాట వింటది గదా ఆ డాక్టరమ్మ."

"వింటది. అందుకే చెప్పను" అన్న.

"రెండు పోగొట్టుకున్నం. జర నా మాట విను."

"ఆ రెండు ఎందుకు పోయినయో నాకు తెలుసు. ఒకదానికి బీపీ, ఒకదానికి ఉమ్మనీరు. చంద్రుడు కాదు."

శీను పూనె నుంచి ఫోన్ చేసిండు. "అక్కా, సాయంత్రం చేస్తే మనకేం పోతది?" అన్నడు. సాయంత్రం మత్తు డాక్టరు ఉండడు, మత్తు సూది నీ గ్రహాలు ఇస్తయా అని అడిగిన. ఫోన్ పెట్టేసినంక నేనే మేడమ్ దగ్గరికి పోయి, మంజులను లిస్టుల మొదటి కేసుగ పెట్టించిన. తొమ్మిదిన్నర. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు మరదలి కాన్పు కన్న ఆ సిద్ధాంతిని ఓడగొట్టుడే ఎక్కువైంది. ఇది చెప్పనీకి నాకు సిగ్గుగనే ఉంది.

ఆ నాడు పొద్దుగాల ఏడింటికే మంజుల చేతి నుంచి నెత్తురు నేనే తీసిన. ఎక్కించనీకి నెత్తురు ముందే కలిపి చూసి పెట్టాలె గదా. తొందరల సీసా మీద పేరు రాసిన గాని నంబరు రాయలే. పంతొమ్మిదేండ్లల నేను చేయని తప్పు. ల్యాబ్ వాళ్లు దాన్ని వాపస్ పంపిండ్రు. మళ్ల తీసి పంపేసరికి తొమ్మిది దాటింది.

అదే టైముకు కొత్తకోట దిక్కు నుంచి ఫిట్స్ వస్తున్న గర్భిణిని తీసుకొచ్చిండ్రు. ఆమెను ఆపుతమా? టేబుల్ ఆమెకు పోయింది. ఆ కేసు అయ్యేసరికి పన్నెండున్నర. మధ్యాహ్నం చేద్దమంటే మత్తు డాక్టరుకు ఇంకో చోట కేసు ఉండె, అయిదింటికి వస్తనని పోయిండు. ఇవన్నీ మా దగ్గర రోజూ జరిగేటివే. వింత ఏం లేదు. మంజులకు సెలైన్ పెట్టి, అరగంటకొకసారి బిడ్డ గుండె చప్పుడు చూసుకుంట కూసున్న. అది బాగనే ఉండె. అమ్మ వరండాల బల్ల మీద కూసొని నన్ను చూస్తుండె. ఒక్క మాట అనలే. అంటే బాగుండు అనిపించింది, అప్పుడు తిట్టనీకి నాకు వీలుంటుండె.

మూడింటికి ల్యాబ్ ల డ్యూటీ మారింది. కొత్తగ వచ్చినాయన కాయితాలు చూసి, "సిస్టర్, పాత ఆపరేషన్ ఉన్న కేసుకు ఒకటే నెత్తురు బ్యాగు రాసిండ్రేంది?" అని అడిగి ఇంకో రెండు తెప్పించి పెట్టిండు. పొద్దుగాల మాకు ఒకటే బ్యాగు ఉండె.

అయిదింటికి మత్తు డాక్టరు వచ్చిండు. మంజులను లోపలికి తీసుకపోయినం. పాత కోత గట్టిపడి అతుక్కొని ఉండడంతోని లోపలికి పోనీకి మేడమ్ కు టైము పట్టింది. బిడ్డ బయటికొచ్చి ఏడ్చినప్పుడు నేను తల ఎత్తి గోడ గడియారం చూసిన. అయిదు ముప్పై ఎనిమిది.

నేను మాస్కు లోపల నవ్విన. రెండు నిమిషాలు ముందు. సిద్ధాంతి లెక్క తప్పింది, తల్లి బతికే ఉంది. కేసు షీటు మీద 5.38 అని పెద్దగ రాసిన.

అప్పుడు మేడమ్ "సిస్టర్" అని పిలిచింది. ఆ పిలుపుల తేడా నాకు తెలుసు. మాయ ఊడి రాలే. పాత కోత మీద వేర్లు పెట్టుకున్నట్టు అతుక్కున్నది. స్కానింగుల అది కనపడలే. నెత్తురు ఆగకుండ పోయింది. నేను చేతులతోని బ్యాగు పిండుకుంట ఎక్కించిన. ఒకటి అయింది, రెండోది అయింది. మూడోది సగం పోయినంక గాని మేడమ్ చేతులు నెమ్మది కాలే. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. మంజుల బతికింది.

బయటికొచ్చినంక మేడమ్ చేతులు కడుక్కుంట నాతోని అన్న మాట ఇది: "పొద్దుగాల తొమ్మిదిన్నరకు ఒక్క బ్యాగుతోని మొదలుపెట్టి ఉంటే, ఆమె టేబుల్ మీదనే పోతుండె సిస్టర్."

మర్నాడు ఆపరేషన్ థియేటర్ ఊడ్చే ఆమె, అక్కడి గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తున్నదని, బ్యాటరీ తెమ్మని అడిగింది. నా ఫోన్ తోని కలిపి చూసిన. సరిగ్గ నాలుగు నిమిషాలు. అంటే బిడ్డ పుట్టింది అయిదు నలభై రెండుకు.

అయినా నేను కదలలే. ఎందుకు కదలాలె? ఆలస్యం అయింది నా తప్పుతోని, కొత్తకోట కేసుతోని. నెత్తురు వచ్చింది ల్యాబ్ ఆయన బుద్ధితోని. ఎంత మందికి ఎన్ని మాటలు చెప్తడు ఆ సిద్ధాంతి, అందుట్ల ఒకటి తగిలింది. మా ఇంట్ల మాత్రం ఆయన దేవుడైండు. అమ్మ గోడకు ఆయన పటం ఒక్కటి పెట్టలే, అంతే తక్కువ.

మూడు వారాలకు పిల్ల పుట్టుక సర్టిఫికెట్ ఫారం నింపుతున్న. తల్లి వివరాల కోసం మంజుల ఆధార్ కార్డు అడిగిన. పుట్టిన తేదీ చదివి రాసుకుంటుంటే మంజుల నవ్వింది.

"అది నాది కాదు వదినె. మా బడిల హెడ్ మాస్టరు రాసింది. మా క్లాసుల సగం మందికి అదే తారీఖు."

"మరి నీది?"

"నేను ఉగాది నాడు తెల్లారంగ పుట్టినట. ఏ ఏడాదో కూడ మా అమ్మకు యాదుంది."

మా అమ్మ సిద్ధాంతికి చెప్పి వచ్చింది కార్డు మీద ఉన్న తారీఖే. వేరేది ఆమెకు తెల్వనే తెల్వదు.

నాకు పండుగ అయింది. సెలవు రోజు చూసుకొని గద్వాలకు బస్సు ఎక్కిన. ఆయన మొఖం మీద అడుగుదమని పోయిన, వేరే పని లేదు. కూలోళ్ల పిల్లలను వరుసగ నిలబెట్టి నోటికొచ్చిన తారీఖు రాసిన హెడ్ మాస్టరు రాత మీద గ్రహాలు ఎట్ల నడిచినయో చెప్పమందమని.

సిద్ధాంతికి యాభై ఉంటయి. ముందల కంప్యూటర్. జాతకం వేసేది అదే, ఈయన చదువుతడు. నేను పొగడనీకి వచ్చిన అనుకొని కుర్చీ చూపిచ్చిండు. ఆ తారీఖు దొంగదని చెప్పిన. నాకు కావాల్సినట్టు ఆయన మొఖం మారింది.

"నిజం తారీఖు తెలుసా అమ్మా?" అన్నడు.

ఉగాది అని, ఏడాది చెప్పిన. ఆయన కంప్యూటర్ ముట్టలే. వెనక అల్మారాల నుంచి ఒక పాత పంచాంగం తీసి, వేలు పెట్టి చూసిండు. కాయితం మీద ఏదో లెక్క వేసుకున్నడు. కొట్టేసి మళ్ల వేసిండు.

"అశ్విని" అన్నడు.

"అయితే?"

"అశ్విని వాళ్లకు పుబ్బ మంచిదే. పుబ్బ దాటి ఉత్తర వచ్చినంకనే చెడ్డది."

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి."

ఆయన కండ్లద్దాలు తీసిండు. "మీ అమ్మ సరైన తారీఖు చెప్పి ఉంటే, పొద్దుగాలనే చేయించుకోండి, సాయంత్రం దాక ఆగొద్దు అని చెప్పేటోన్ని."

"మరి సాయంత్రమే చేసినం గదా, ఆమె ఎట్ల బతికింది?" అని అడిగిన.

"నాకు తెల్వదమ్మా" అన్నడు. అంతల బయట తర్వాతి టోకెన్ పిలిచిండ్రు. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని మొఖం సర్దుకున్నడు. కొత్తగ వచ్చిన ముసలాయన ఏదో అడగకముందే చంద్రుని గురించి చెప్పుడు షురూ చేసిండు.

ఆయన శాస్త్రం ప్రకారం మంజుల సాయంత్రం పోవాలె. నా చదువు ప్రకారం చేసి ఉంటే పొద్దుగాలనే పోతుండె. కరెక్టుగ చెప్పింది తప్పుడు తారీఖు ఒక్కటే. అది రాసిన మనిషికి మంజుల ఎవరో యాదుండది, రాసినట్టు కూడ యాదుండది. ఆయన మీద నమ్మకం పెట్టుకుందమా? హెడ్ మాస్టర్లకు మొక్కుదమా?

అమ్మకు ఈ సంగతి చెప్పలే. చాలాసార్లు చెప్దమని నోటి దాక వచ్చింది. పున్నమి వచ్చినప్పుడల్లా ఆమె పిల్లను ఎత్తుకొని వాకిట్ల నిలబడి చంద్రుని చూపిస్తది. నేను చూసి ఊరుకుంట. ఆమెది తప్పని రుజువు నా దగ్గర ఉంది. నాది ఒప్పని రుజువు మాత్రం ఎంత వెతికినా దొరుకుత లేదు.