మా అమ్మను హంతకురాలిని చేసిన దెయ్యం కథ

ఆ కథ రాసినాయనకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తి, తర్వాత ఎత్తడమే మానేశారు. ఉత్తరాలు చదవనివాళ్ళు అచ్చులో ఉంటే చదువుతారేమోనని ఇది రాస్తున్నాను.

టీవీలో వారానికో దెయ్యం కథ వేస్తారు. వాటిని రాసే పెద్దమనిషి పోయిన వేసవిలో బండారులంకలో మా వీధికి వచ్చాడు. మా అరుగు మీద కాఫీ తాగుతూ, "ఇక్కడ దెయ్యం కథలేమైనా ఉన్నాయా అండీ?" అన్నాడు. బుద్ధి గడ్డితిని నేనే చెప్పాను.

నేస్తున్న చీర సగంలో ఉండగా మా నాన్న జ్వరంతో పోయాడు. మగ్గానికి ఎక్కిన పడుగు దారాలను మధ్యలో కోయకూడదని మా ఇంటి పట్టుదల. పెద్దకర్మ అయిన మర్నాడు తెల్లవారుతూనే అమ్మ మగ్గం గుంటలోకి దిగి కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని, పోయినవాడే నేస్తున్నాడని వీధంతా హడలిపోయింది. అమ్మ ఆ చీర పూర్తిచేసింది. ఆ మగ్గం మీదే నన్ను చదివించింది. నేను చెప్పింది ఇంతే.

ఆ కథ వేసిన ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇరుగుపొరుగును పిలిచి కుర్చీలు వేయించింది. తెర మీద ఇల్లాలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నేస్తోంది.

"గుంటలో కాళ్ళు లేకుండా మగ్గమెలా ఆడుతుందిరా? దెయ్యం తొక్కుతోందా?" అంది అమ్మ. అందరూ నవ్వారు.

మిగతాదంతా తెల్లచీర, గజ్జెల చప్పుడు. పసిపిల్లలు కూడా జడవలేదు. చివర్లో ఆ ఇల్లాలే మొగుడి మెడకు దారం బిగించి చంపిందని తేల్చారు. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

పక్కింటావిడ లేస్తూ, "పిన్నిగారూ, బాబాయిగారిది జ్వరమేనా అండీ?" అంది. వేళాకోళమే.

"ఆయ్, జ్వరమేనే తల్లీ," అంది అమ్మ.

మర్నాటి నుంచి అమ్మ గుంటలోకి దిగలేదు. "చప్పుడైతే జనానికి మళ్ళీ అదే గుర్తొస్తుంది కదరా," అంటుంది. పడుగు కోయలేదు, నేయనూ లేదు. దాని మీద పాత దుప్పటి కప్పింది.

ఫోన్ ఎత్తిన ఆ ఒక్కసారి పెద్దమనిషి, "కల్పితమని మొదట్లోనే వేశాం కదండీ," అన్నాడు. తెర మీద చూపించిన మా వీధి పేరు, మా అరుగు, ఆ చీరకు నాన్న నేసిన అంచు కూడా కల్పితమేనా?

మొన్న అన్నం కలుపుతూ అమ్మ అడిగింది: "నేనేం చేసేనని నాచేత చంపించేర్రా?"

 దానికి జవాబు ఆ కథ రాసిన మనిషి దగ్గరే ఉండాలి. అయ్యా, ఆ జవాబు నాకు అక్కర్లేదు. వచ్చి ఆవిడకు చెప్పండి.