ముప్పై దాటాలని తిరువూరు నుంచి విజయవాడకు

మా అమ్మాయి పద్మజకు చలికాలంలో థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మెడలోని గ్రంథి మొత్తం తీసేశారు. పిసరంత ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని కూడా లేకుండా చేయడానికి రేడియో అయోడిన్ అనే మందు ఇవ్వాలన్నారు. మింగేది ఒక్క గొట్టం మాత్ర, దానికి ముందు తయారీ మాత్రం పెళ్లిపనులంత ఉంది. రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర నాలుగు వారాలు ఆపాలి. చివరి రెండు వారాలు మామూలు ప్యాకెట్ ఉప్పు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు ముట్టకూడదు. అప్పుడు రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే అంకె ముప్పై దాటాలి. దాటితేనే ఆ ప్రత్యేకమైన గదిలో మంచం ఇస్తారు. మొదటిసారి వెళ్తే ఇరవై ఒకటే వచ్చింది. మంచం ఇంకొకరికి వెళ్లిపోయింది, మమ్మల్ని రెండు వారాలు ఆగి రమ్మన్నారు. మొన్న గురువారం రెండోసారి వెళ్లొచ్చాం. నేను చదివింది ఏడో తరగతి, తెలిసిన పని మామిడితోట. అయినా ఆ రోజు నుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు కాబట్టి, ఇదే పని మీద బయల్దేరేవాళ్లకి పనికొస్తుందని ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కుతూ రాస్తున్నాను. అంకె ఎంత వచ్చిందో దాని చోట అది చెప్తాను.

పొద్దున ఆరూ పదికి తిరువూరు బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాకు నూట ఇరవై చిల్లర టికెట్టు, అమ్మాయికి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. ముందు సీట్లు దొరకాలంటే పావుగంట ముందే వెళ్లండి, మాత్ర ఆపినవాళ్లు వెనక సీట్ల కుదుపు తట్టుకోలేరు. మే నెల, అందరూ చేతికి దొరికిన కాగితంతో విసురుకుంటుంటే మా అమ్మాయి శాలువా కప్పుకుని కూర్చుంది. మాత్ర లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది, మొహం ఉబ్బుతుంది, మాట కూడా నెమ్మదిగా వస్తుంది. మీవాళ్లకి అలా ఉంటే కంగారు పడకండి, అది ఉండేదే.

టికెట్టు కొడుతూ కండక్టరు నా చొక్కా జేబు వైపు చూశాడు. "పెద్దాయనా, ఆ సీసా ఏంటి, విభూతా?"

"ఉప్పయ్యా."

"ఉప్పు జేబులో పెట్టుకుని ఊరెళ్లేవాణ్ణి ఇప్పుడే చూడటం."

"మా అమ్మాయికి మామూలు ఉప్పు పడదు. అయోడిన్ కలపంది ఇది. మన ఊళ్లో కొట్లన్నీ తిరిగా, దొరకలా. హాస్పిటల్లో డైటీషియనమ్మ చెప్పిన మందుల షాపులోనే దొరికింది."

"అయితే జాగర్తగా పెట్టుకో, కుదుపులకి ఒలికిపోద్ది," అని ముందుకు వెళ్లాడు. పాత టానిక్ సీసా కడిగి, ఎండబెట్టి, అందులో పోసిన ఉప్పు అది. నాలుగు వారాలుగా ఇంట్లో దాని కాపలా నాదే.

ఎ.కొండూరు దాటాక అమ్మాయి మెల్లగా అడిగింది. "నాన్నా, ఈసారి కూడా దాటకపోతే?"

"దాటుద్దమ్మా."

"ఆ రోజు నాతో వచ్చిన ఇద్దరికీ దాటింది. నాకే దాటలా. లోపల ఎక్కడో ముక్క మిగిలిపోయి అది పనిచేస్తుందేమో. అందుకే అంకె పెరగట్లేదేమో. రెండు వారాల్నుంచి నాకు నిద్రలో కూడా అదే."

 ఆ అంకె ఎందుకు పెరగలేదో నాకు తెలుసు.  మైలవరంలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఆమెకు పాలు లేని టీ పట్టుకొచ్చి, చేతికిచ్చి, చెప్పేశాను.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి పొద్దున్నే అయిదున్నరకు మాత్రలు ఇచ్చే పని నాది. థైరాయిడ్ మాత్ర ఆపమన్న నాలుగో రోజుకే నా కూతురు నీళ్ల చెంబు ఎత్తలేక గోడకానుకుని నిలబడింది. ఏ డాక్టరైనా మందు వేసుకోమంటాడు గానీ మానెయ్యమంటాడా, వీళ్లేదో పొరపాటున చెప్పి ఉంటారని నా బుర్రకి తోచింది. మర్నాటి నుంచి తొమ్మిది రోజులు, నిద్రమత్తులో ఉన్న పిల్ల అరచేతిలో కాల్షియం బిళ్లతో పాటు ఆ చిన్న మాత్ర కూడా పెట్టాను. తర్వాత హాస్పిటల్ ఇచ్చిన కాగితం మా అల్లుడి చేత మళ్లీ చదివించుకుని భయమేసి ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు.

"తొమ్మిది రోజులా?"

"తొమ్మిది."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

అమ్మాయి కిటికీ వైపు తిరిగిపోయింది.  కొండపల్లిలో ఉన్నట్టుండి నా జేబులోంచి ఉప్పు సీసా లాక్కుని తన సంచిలో వేసుకుంది. "డాక్టరు గారికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను." తర్వాత నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు, "అయితే లోపల ముక్క ఉందని కాదేమో," అంది. అప్పుడు చూశాను, శాలువా కొంచెం వదులు చేసుకుంది.

ఎనిమిదిన్నరకు విజయవాడ బస్టాండులో దిగాం. హాస్పిటల్‌కి ఆటో వంద అడిగాడు, ఎనభైకి వచ్చాడు. తొమ్మిదిలోపు రక్తం ఇస్తే రిపోర్టు పన్నెండుకు చేతికొస్తుంది. టిఫిన్ కోసం సందు చివర చిన్న హోటల్‌కి వెళ్లాం. పెనం దగ్గరున్న ఆవిణ్ణి ఉప్పు వేయని పిండి ఉందా అని అడిగాను.

"రుబ్బేటప్పుడే ఉప్పేస్తాం బాబాయ్ గారూ. చప్పిడి పిండి ఎవరు తింటారు?"

పద్మజ సంగతి చెప్పింది. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "నానిన పెసలున్నాయమ్మా. ఓ గుప్పెడు మిక్సీలో వేసిస్తా, నీ ఉప్పు నువ్వే వేసుకో. అల్లం, పచ్చిమిరపకాయ పర్లేదుగా?"

"పర్లేదండి. నెయ్యి మాత్రం వద్దు."

"బాబాయ్ గారికి కూడా అందులోనే వెయ్యనా?"

"ఆయనకి మీ పిండే వెయ్యండి. నా ఉప్పు ఆయన చేతికి ఇవ్వను. నమ్మకం లేదు," అంది అమ్మాయి. ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ తలొంచుకుని తిన్నాను. రెండు వారాల్లో మా అమ్మాయి ఒక అట్టు మొత్తం తినడం అదే మొదటిసారి. డబ్బులు అందరిలాగే యాభై తీసుకుంది, మిక్సీ తిప్పినందుకు ఇంకో పది ఇస్తే వెనక్కి నెట్టింది.

పన్నెండుంపావుకి లోపలికి పిలిచారు. డాక్టరు గారు కవరు తెరవకముందే నేను లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయన పెన్ను కింద పెట్టారు. "మొదటి రిపోర్టు చూసి నేనూ ఏదైనా మిగిలిందేమోనని ఆలోచిస్తున్నానండి. ఈ రెండు వారాల్లో ఏమైనా ఇచ్చారా?"

"ఒక్కటీ ఇవ్వలేదు బాబూ. మిగిలిన స్ట్రిప్పు తెచ్చాను, చూడండి."

ఆయన మాత్రలు లెక్కపెట్టుకుని కవరు తెరిచారు. డెబ్బై నాలుగు.

నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఇన్నేళ్లలో ఏ డాక్టరు దగ్గరకెళ్లినా అంకె పెరిగిందని తిట్లు తిన్నవాణ్ణే. పెరిగినందుకు డాక్టరు చేయి చాచి కరచాలనం చేయడం ఈ జన్మలో ఇప్పుడే చూశాను. వచ్చే మంగళవారం మంచం ఖాయం చేశారు. మందు మింగాక కొన్నాళ్లు ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందట, అందుకే రెండు మూడు రోజులు ఆ గదిలో ఒక్కతే ఉండాలి, ఇంటికొచ్చాక కూడా వాళ్లు చెప్పినన్ని రోజులు చిన్నపిల్లలకు దూరంగా ఉండాలి. మనవరాలు రెండో తరగతి, అమ్మని చూస్తే ఆగదు. అందుకని తోటలో మోటారు గది పక్కనున్న గదికి సున్నం వేయించి, మంచం, ఫ్యాను పెట్టించాను. అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి రావడం నేను రోజూ పెరట్లో ప్రాక్టీసు చేస్తున్నాను, మా ఆవిడ నవ్వుతోంది.

రెండున్నర బస్సుకి తిరుగు ప్రయాణం. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన బంగినపల్లి ముక్కలు తిని అమ్మాయి మైలవరం దాకా నిద్రపోయింది. బస్సు ఆగగానే లేచి, సంచిలోంచి ఉప్పు సీసా తీసి, మూత బిగుతుగా ఉందో లేదో చూసి, తనే నా జేబులో పెట్టింది. "మంగళవారం దాకా నీ డ్యూటీ. ఉప్పు వరకే." కండక్టరు పొద్దునాయనే. "మళ్లీ ఉప్పొచ్చిందా పెద్దాయనా," అన్నాడు. "వచ్చిందయ్యా, వచ్చింది," అన్నాను. ఆ తర్వాత ఆయనకి డెబ్బై నాలుగు గురించి తిరువూరు వచ్చేదాకా చెప్పాను, పాపం విన్నాడు.

బిడ్డ నీరసపడుతుంటే చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా వైద్యంలో భాగమేనని నాకు ఈ వయసులో తెలిసింది. నేను జాలిపడి ఇచ్చిన ఆ చిన్న మాత్ర నా కూతురికి రెండు వారాల భయాన్ని తెచ్చిపెట్టింది. చెప్పేశాక ఆమెకు కోపం వచ్చింది, కానీ భయం పోయింది. నాకు ఆ కోపమే బాగుంది. ఇక ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మాత్ర ఆపమన్న రోజునే మిగిలిన స్ట్రిప్పు బీరువాలో పెట్టి, తాళంచెవి పేషెంటు చేతికి ఇచ్చేయండి. ఇంట్లో నాలాంటి నాన్న ఉంటే ముందురోజే ఇచ్చేయండి.