పక్కింటావిడ నీలి రెక్కలు

పోయిన నెల మా అమ్మాయి నన్ను ఊళ్లోని ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లింది. ఇన్నేళ్లుగా కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో ఉంటున్నా నేను ఆ మెట్లెక్కడం అదే మొదలు. హాలు మధ్యలో, మనిషికి రెండింతల ఎత్తున, నీలి రెక్కల వేషం ఒకటి నిలబెట్టి ఉంది. పక్క గోడ మీద చేసినావిడ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. కావలసినవాళ్లు వెళ్లి చదువుకోవచ్చు. ఆ రెక్కల్ని చూడగానే మాత్రం నా ముక్కుకి వేడి జిగురు వాసన తగిలినట్టయింది.

ఆవిడ మా టౌన్‌హౌస్ పక్కవాటాలో ఉండేది. ట్రినిడాడ్ మనిషి. వారమంతా వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం, సెలవు రోజుల్లో కార్నివాల్ ఊరేగింపులకి వేషాలు కట్టడం. ఆవిడ గరాజ్ ఏనాడూ కారు మొహం చూడలేదు. లోపలంతా తీగెలు, పూసల డబ్బాలు, ఈకల మూటలు, వేడి జిగురు వాసన. కారేమో బయట మంచులో కూరుకుపోయి ఉండేది. "గరాజ్ పెట్టుకుని రోజూ ఐస్ గోక్కునే మనిషిని ఈవిడనే చూశాను" అని మావారు బాధపడేవారు. గాలి వీచిన రోజున ఆ ఈకలు మా ఇంట్లోకి వచ్చేవి. ఒకసారి పప్పుచారులో నీలం ఈక తేలితే, ఆయన దాన్ని తీసి కంచం అంచున పెట్టి, భోజనం కానిచ్చారు. అంటే ఆయనకీ అలవాటైపోయిందన్నమాట.

మా అత్తగారు నరసాపురం నుంచి, తల్లిదండ్రుల్ని ఏళ్ల తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద వచ్చాక ఆ గరాజ్‌కి ఇంకో మనిషి తోడైంది. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చెయ్యి ఆవిడది. వచ్చిన కొత్తలో ఓరోజు తెరిచి ఉన్న గరాజ్ ముందు ఆగి, చొరవగా లోపలికెళ్లి, వేషం అంచు తిరగేసి వెనకవైపు కుట్టు చూసింది. పక్కింటావిడ నవ్వి స్టూలు జరిపింది. ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ అక్కడే. ఒకరిది ఇంగ్లీషు, ఒకరిది గోదావరి తెలుగు. నాకు తెలిసి ఏ మాటా అర్థంకాకుండా పోలేదు. రెక్కల అంచులకి అత్తగారి లేసు ఎక్కింది.

ఆ ఫిబ్రవరిలో లైబ్రరీలో నల్లజాతివారి కళలూ కరీబియన్ కళలూ ప్రదర్శిస్తామంటూ ఒక నిర్వాహకురాలు గరాజ్ చూడడానికొచ్చింది. మర్యాదస్తురాలు. రెక్కల్ని ఎగాదిగా చూసి, ఇంత పెద్దది వద్దు, కిరీటం ఒక్కటీ ఇస్తే గాజు పెట్టెలో పెట్టి, పిల్లల బొమ్మల బల్ల పక్కన ఉంచుతామంది. 'కరీబియన్ హస్తకళ' అని చిన్న కార్డు కూడా పెడతామంది.

నేను తెలుగులో చెప్పగానే అత్తగారు సూది ఆపింది. "పేరు రాస్తారేమో అడుగమ్మాయ్."

అడిగాను. కార్డు మీద అంత చోటుండదంది నిర్వాహకురాలు.

"నలభై ఏళ్లు అల్లాను. ఏ దొరల బల్లల మీద పరిచారో ఎవరికి తెలుసు? ఒక్కదాని మీదైనా నా పేరుందా? ఒప్పుకోవద్దని మన పక్కింటావిడకి చెప్పు."

పక్కింటావిడ నేను చెప్పిందంతా విని, అత్తగారి భుజం మీద చెయ్యేసి, "ముక్క రాదు. వస్తే మొత్తం వస్తుంది" అని నిర్వాహకురాలితో నిదానంగా చెప్పింది.

ప్రదర్శన మొదలయ్యే శనివారం సన్నగా మంచు పడుతోంది. గరాజ్ తలుపు లేచింది. దళసరి కోటు వేసుకుని నెత్తిన కిరీటంతో పక్కింటావిడ, వెనక చక్రాల మీద రెక్కలు, పక్కన మెడలో స్టీల్‌పాన్ వేలాడేసుకుని ఆవిడ తమ్ముడు. నూనె పీపా అడుగుని సుత్తితో సొట్టలు కొట్టి, పుల్లలతో స్వరాలు పలికించే వాద్యం అది. ఈకలు తడిసిపోతాయన్నాను.

"మా ముత్తాతల డప్పులు తెల్లదొరలు లాక్కున్నారు. వాళ్లు వాయించడానికి వెదురుబొంగులు పట్టుకున్నారు. అవీ వద్దన్నారు. చెత్తలో పడేసిన పీపాల్లోంచి పాట తీశారు. మంచు ఒక లెక్కా?" అంది ఆవిడ.

మెయిన్ రోడ్డు మీద కార్లు ఆగిపోయాయి. అత్తగారు చీర మీద మావారి జాకెట్, కాళ్లకి స్నో బూట్లు వేసుకుని, లేసు బురదలో పడకుండా అంచు పట్టుకుని నడిచింది. ఆవిణ్ణి వెనక్కి తీసుకురావడానికని బయల్దేరిన మావారు, చివరికి రోడ్డు మధ్య చెయ్యెత్తి ట్రాఫిక్ ఆపుతూ కనిపించారు. దార్లో జనం కలిశారు. కొందరు వాద్యానికి తగ్గట్టు అడుగులూ వేశారు.

లైబ్రరీ ముందుకి నిర్వాహకురాలు కోటు లేకుండానే పరిగెత్తుకొచ్చింది. "చాలా బాగుంది. వచ్చే ఏడాది తప్పకుండా..."

"వచ్చే ఏడాది సంగతి తర్వాత. ఇవాళ వచ్చేశాం. ఆ రెండో తలుపు కూడా తియ్యండి" అంది పక్కింటావిడ.

వాద్యం ఆగలేదు. నిర్వాహకురాలు జనం వైపు ఓసారి చూసి, వంగి, కింది గడియ లాగింది. రెక్కలు ఏటవాలుగా లోపలికి వెళ్లాయి. హాలు మధ్యలో అవి విచ్చుకుని తిరిగినప్పుడు పుస్తకాల బల్లల దగ్గరివాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరు చేశారని ఒకాయన అడిగాడు. ఆవిడ గట్టిగా తన పేరు చెప్పింది. తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుని ముందుకు లాగి ఆవిడ పేరూ చెప్పింది. నాలిక తిరగక తప్పు పలికి, ఆగి, సరిగ్గా మళ్లీ చెప్పింది. పెళ్లినాడు పాస్టరుగారు చర్చిలో చదివాక నలుగురి మధ్య ఆ పేరు వినపడడం అదే మొదటిసారి. అత్తగారు సిగ్గుపడలేదు. తలెత్తుకుని నిలబడింది.

"అలిసిపోయారా అత్తయ్యా?" అన్నాను తిరిగొస్తూ.

"ఎందుకలిసిపోతాను? ఇంకో వీధి తిరుగుదామన్నా వస్తాను."

అత్తగారు పోయి చాలా కాలమైంది. ఓపిక పడితే కాలమే అన్నీ మారుస్తుందని మా వైపు పెద్దవాళ్లు అనేవారు. ఊరికే కూర్చున్నవాళ్లకి కాలం గడవడం చూశాను గాని, మారడం మాత్రం నేనింతవరకూ చూడలేదు.